మార్గరెట్‌కి ఒంట్లో బాగాలేదు

జుట్టు కత్తిరించి రంగులేసే వాండా దుకాణంలో డ్రయ్యర్ కింద కూర్చున్న ఆడవాళ్ళందరికీ తాము గుసగుసలాడుతున్నామనే నమ్మకం. ఆ గిన్నెలాంటిది నెత్తిమీద బోర్లించి, చెవుల్లో హోరుమని వేడిగాలి కొడుతుంటే ఎవరి గొంతు వాళ్ళకి వినపడదు. అందుకని అరుస్తారు. మా ఊళ్ళో ఎవరి అల్లుడు తాగుతాడో, ఎవరి కొత్త పళ్ళసెట్టు కుదరలేదో మాకందరికీ అలాగే తెలిసింది. ఆ శనివారం ట్రూడీ అరిచింది కూడా అలాంటి గుసగుసే.

“ఒక గదిలో పాముంటే నాకు తెలిసిపోతుందే నోరీన్. ఎలాగంటే చెప్పలేను. ఒళ్ళు చెప్పేస్తుంది.”

“నీ ఒళ్ళు అలాంటిదే,” అంది పక్క డ్రయ్యర్ కింద నుంచి నోరీన్, అంతే గట్టిగా.

ట్రూడీ కుర్చీ వెనకాల గోడ. గోడకి అవతల వాండా ఇల్లు, అందులో ఒక చిన్న గది. ఆ గదిలో గాజుపెట్టెలో, వేడిదీపం కింద, మూరెడు పొడవు కూడా కనపడకుండా చుట్ట చుట్టుకుని ఒక కొండచిలువ నిద్రపోతోంది. పేరు వింటే మేకని మింగేదనుకుంటారు గానీ, ఇది ఆఫ్రికా జాతి చిన్నది. భయమేస్తే బంతిలా ముడుచుకుని తల దాచుకుంటుంది. అది ఆ గదిలోకొచ్చి ఇరవై ఏళ్ళు కావస్తోంది. ట్రూడీ ప్రతి శనివారం ఆ కుర్చీలో కూర్చోబట్టీ దాదాపు అన్నేళ్ళే అయింది. ఇప్పటిదాకా ఒళ్ళు ఏమీ చెప్పలేదు.

వాండా నోరీన్ జుట్టుకి రంగు కలుపుతూ, వినపడనట్టే నిలబడింది. అద్దం పక్కన క్లిప్పుకి ట్రూడీ తగిలించిన అర్జీ వేలాడుతోంది. పాములూ, బల్లులూ, అలాంటి పరాయిదేశపు ప్రాణులేవీ ఊరి హద్దుల్లో పెంచకూడదనీ, ఇప్పటికే ఉన్నవాళ్ళు నెలలోగా వదిలించుకోవాలనీ అందులో ఉంది. దాని కింద సగం ఊరి సంతకాలున్నాయి. మంగళవారం కౌన్సిల్లో ఓటుకి పెడతారు.

ఇదంతా నోరీన్ వల్ల వచ్చింది. బట్టలుతికే మెషీన్ల దుకాణంలో నేలమీద పాము కనపడిందని ఆవిడ బల్లెక్కి కేకలు పెట్టింది. ఫైర్ స్టేషన్ వాళ్ళు ముగ్గురొచ్చి పారలతో చావబాదారు. తీరా చూస్తే అది మెషీన్ వెనక ఊడిపోయిన గొట్టం. గొట్టమని తేలాక ఊరు నవ్వుకుని ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. ‘ఈసారికి గొట్టం, మరి వచ్చేసారి’ అన్నారు.

“నువ్వు సంతకం పెట్టలేదేమే వాండా,” అంది ట్రూడీ డ్రయ్యర్ ఎత్తుకుని.

“చేతికి రంగుంది.”

“పోయినవారమూ రంగే ఉంది.”

“పోయినవారమూ నోరీన్ వచ్చింది.”

ట్రూడీకి ఆ జవాబు సబబుగానే తోచింది. సంచిలోంచి సీసా తీసి బల్లమీద పెట్టింది. కోడిమాంసం సూప్, ఇంకా వెచ్చగానే ఉంది. “మార్గరెట్‌కి. ఎలా ఉంది తను?”

“తినడం మళ్ళీ మానేసింది. చలికాలం కదా.”

“కళ్ళు?”

“మసకలొచ్చాయి. మొన్న తేటపడ్డాయి.”

“చర్మమో?”

“అంతా ఊడొచ్చింది.”

“పిచ్చితల్లి,” అంది ట్రూడీ. కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. “నోరు తెరిచి ఒక మాట కూడా అనదు కదా, అంత ఓర్పు నాకు లేదు. ఒక్కసారి చూసిపోతానంటే నువ్వేమో వద్దంటావు.”

“కొత్తవాళ్ళంటే పడదు దానికి.”

వాండా చెప్పిన దాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. కొండచిలువ చలికాలం తిండి మానేస్తుంది, కుబుసం విడిచేముందు దాని కళ్ళు మసకేస్తాయి. మొదట్లో ఎవరో దిగులుగా ఉన్నావేమని అడిగితే ‘మార్గరెట్ ఏమీ తినడం లేదు’ అంది. అడిగినావిడ లోపలి గదిలో ఎవరో చుట్టం మంచాన పడిందనుకుంది. వాండా ఆ మాట సరిదిద్దేలోపు ఆదివారమొచ్చింది, చర్చిలో మార్గరెట్ కోసం ప్రార్థన చేసేశారు. మా ఊళ్ళో ఒకసారి ప్రార్థనలోకెక్కిన పేరు దిగాలంటే మనిషి లేచి నడవాలి, లేదా పోవాలి. మార్గరెట్ ఆ రెండూ చెయ్యలేదు.

దుకాణం కట్టేశాక వాండా లోపలి గదిలోకి వెళ్ళింది. ఫ్రీజర్లోంచి గడ్డకట్టిన ఎలుకని తీసి, కవరులో పెట్టి, వేడినీళ్ళ మగ్గులో వేసింది. అది మెత్తబడేదాకా గాజుపెట్టె ముందు స్టూలు వేసుకుని ట్రూడీ ఇచ్చిన సూప్ తాగింది. తర్వాత ఎలుకని పట్టకారుతో పట్టుకుని మార్గరెట్ ముక్కు ముందు ఆడించింది. మార్గరెట్ ఒకసారి నాలుక చాపి, తల అటు తిప్పుకుంది.

“ఒక్కటి తినవే. నీకోసం ఊరంతా దేవుణ్ణి అడుగుతోంది.”

ఫోను మోగింది. జిల్లాలో పాములు పెంచేవాళ్ళ సంఘం కుర్రాడు డాల్టన్. మెడమీద ఉడుము బొమ్మ పచ్చబొట్టు వేయించుకున్నాడు గానీ మాటతీరు మాత్రం చర్చికెళ్ళే పిల్లాడిలా ఉంటుంది.

“మంగళవారం మీరు మాట్లాడాలి మేడమ్. మీ ఊళ్ళో మన మనిషి మీరొక్కరే. బయటి ఊరివాణ్ణి నన్ను మాట్లాడనివ్వరు.”

“నేను మాట్లాడితే ఇంక శనివారం నా కుర్చీలో ఎవరు కూర్చుంటారయ్యా? వచ్చేవాళ్ళంతా చర్చి ఆడవాళ్ళే.”

“పులిని పెంచేవాణ్ణి ఆపమనండి, నేనూ చప్పట్లు కొడతాను. విషప్పాముల్ని ఆపమనండి. పెట్టెకి తాళం వెయ్యనివాడికి జరిమానా వెయ్యమనండి. ఏ తప్పూ చెయ్యనివాళ్ళ ఇళ్ళల్లోంచి ఎందుకు లాక్కోవాలి? ఇలా చేస్తే జనం దాచేస్తారు, ఇంకా ప్రమాదం. ఇంతే చెప్పండి.”

“నువ్వు చెప్పినట్టు నేను చెప్పలేను.”

“మరి మార్గరెట్ ఎక్కడికి పోతుంది?”

వాండా ఫోను పెట్టేసి, మార్గరెట్‌ని రెండు చేతులా ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. అది నెమ్మదిగా ఆవిడ మణికట్టు చుట్టుకుని, బొటనవేలి మీద గడ్డం ఆనించింది. రోజంతా జనంతో మాట్లాడి మాట్లాడి అలిసిపోయిన వాండాకి, తన దగ్గరకొచ్చి ఏమీ చెప్పుకోని ప్రాణి ఇదొక్కటే. దీన్ని ఇంకొకరికి ఇవ్వడమంటే ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. తర్వాత ఎలుకని మళ్ళీ కవరులో కట్టి చెత్తలో పారేసింది.

ఆదివారం వాన పడింది. పడ్డ వాన పడ్డచోటే గడ్డకట్టింది. పొద్దుగూకేసరికి కొమ్మలు విరిగి తీగల మీద పడి ఊరంతటికీ కరెంటు పోయింది. వాండా ఇంట్లో పొయ్యి కరెంటుదే, హీటరూ కరెంటుదే, మార్గరెట్ నెత్తిమీది దీపమూ కరెంటుదే. మనం రెండు కంబళ్ళు కప్పుకుని వణుక్కుంటూ గడిపేస్తాం. పాముకి అలా కాదు, చుట్టూ చల్లబడితే అదీ చల్లబడిపోతుంది.

పాముల్ని పెంచేవాళ్ళు ఇలాంటప్పుడు చేసేది ఒక్కటే. వాండా మార్గరెట్‌ని దిండు గలీబులో వేసి, మూతి వదులుగా ముడేసి, రెండు స్వెటర్ల మధ్య పొట్టకి ఆనించుకుంది. పైన పెద్ద కోటు తొడిగి జిప్పు లాక్కుంది. సోమవారమంతా అలాగే కుర్చీలో కూర్చుంది. అద్దంలో చూసుకుంటే ఏడోనెల గర్భిణిలా కనపడి, ఈ వయసులో ఇదొకటా అనుకుంది.

మంగళవారం మధ్యాహ్నానికి కిటికీలకి లోపలివైపు కూడా మంచు పట్టింది. ఫైర్ ఇంజను మైకులో అరుచుకుంటూ వచ్చింది, అందరూ ఫైర్ స్టేషన్ హాలుకి రావాలట. అక్కడ జనరేటరుంది, కౌన్సిల్ సభలు జరిగేదీ అక్కడే. వాండా గుమ్మంలో కాసేపు నిలబడింది. హాలుకి వెళ్తే ఊరంతా అక్కడే. ఇంట్లో ఉంటే మార్గరెట్ దక్కదు. తలుపు తాళం వేసి బయల్దేరింది.

హాల్లో మడతమంచాలు వేశారు. జనరేటరు ఉందన్న మాటేగానీ, అంత పెద్ద హాలుకి దాని వేడి ఏ మూలకీ చాలడం లేదు. చర్చి ఆడవాళ్ళు కాఫీ కాస్తున్నారు. ట్రూడీ వాండాని చూడగానే ఎదురొచ్చింది. చలికి ముక్కు ఎర్రబడి, రెండు రోజులుగా నిద్రలేక కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

“మార్గరెట్ ఏదే?”

ఈ ప్రశ్న వస్తుందని వాండా ఆలోచించనే లేదు.

“అదీ... పడుకుంది.”

“ఆ చలిలోనా? ఒక్కదాన్నే వదిలేసొచ్చావా?” ట్రూడీ వెనక్కి తిరిగి కేకేసింది. “డెల్బర్ట్, స్ట్రెచర్ తియ్యండి. మంచాన పడ్డ మనిషి ఇంట్లో ఉండిపోయింది.”

డెల్బర్ట్ మా కౌన్సిల్ అధ్యక్షుడు, ఫైర్ స్టేషన్ పెద్ద కూడా. ఆ మాట వినడమే తడవు ఇద్దరు కుర్రాళ్ళు స్ట్రెచర్ పట్టుకుని తలుపు దాకా వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకడు, గొట్టాన్ని బాదినవాడే, వాండా ఇంటి తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

“ఆగండి బాబూ, ఆగండి,” అంది వాండా. “వచ్చేసింది. తీసుకొచ్చేశాను. ఇక్కడే ఉంది.”

“ఇక్కడా, ఏ మంచం మీద?” అంది ట్రూడీ.

“వెచ్చగా ఉన్న చోట పడుకోబెట్టాను. ఇప్పుడు కదిలిస్తే ఇంక తిండే ముట్టదు. నా మాట విను ట్రూడీ, లేపద్దు.”

ట్రూడీ మంచాలన్నిటినీ దూరం నుంచే కళ్ళతో వెతికింది. కంబళ్ళ కింద ఎవరెవరో ముడుచుకుని ఉన్నారు. వాటిలో ఏదో ఒక మూటని మార్గరెట్ అని తనే తేల్చుకుని, గొంతు తగ్గించి, “సరేలే, లేచాక చూస్తాను. ఇన్నాళ్ళకి,” అంది.

ఇంతలో డెల్బర్ట్ ఫైర్ కోటు విప్పకుండానే అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని చెక్క సుత్తితో బల్లమీద కొట్టాడు. తేదీ ప్రకటించేశాం గనక మంచు పడినా పిడుగు పడినా సభ జరపాల్సిందేనన్నాడు. ముందు ట్రూడీ లేచి తన ముక్క చెప్పింది. ఊళ్ళో పిల్లలున్నారంది. ముసలివాళ్ళున్నారంది. “మంచం దిగలేని మనుషులున్నారు, పాము పాక్కుంటూ వస్తే వాళ్ళేం చేస్తారు?” అని ఆ మంచం వైపు జాలిగా చూసింది. “నాకైతే గదిలో ఉంటే తెలిసిపోతుంది, మిగతావాళ్ళ సంగతేమిటి?”

చప్పట్లు కొట్టారు. ట్రూడీ వచ్చి బెంచీ మీద వాండా పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఆ మంచులోనే ఎలాగో ఊళ్ళోకొచ్చిన డాల్టన్ వెనక నుంచి చెయ్యెత్తాడు. ఏ ఊరని అడిగి, కూర్చోమన్నారు. కూర్చున్నాడు గానీ కళ్ళు మాత్రం వాండా మీదే పెట్టాడు. వాండా నేల చూపులు చూసింది.

తర్వాత డెల్బర్ట్ రోడ్ల మీద చల్లే ఉప్పు బడ్జెట్ చదవడం మొదలెట్టాడు. అతను చదివితే మామూలు రోజుల్లోనే నిద్రొస్తుంది. ట్రూడీ తల ముందు వాండా భుజం మీదికి వాలింది. అక్కడ ఎముక తగిలిందేమో, ఇంకా కిందికి జారి కోటు మీద, పొట్ట దగ్గర, మెత్తగా వెచ్చగా ఉన్న చోట ఆగింది. చిన్నగా గురక పెట్టింది. ఆ బరువుకి లోపల మార్గరెట్ కొంచెం సర్దుకుంది. ట్రూడీ కూడా నిద్రలోనే తల సర్దుకుంది. వాండాకి చెమట్లు పట్టాయి, హాల్లో చెమట పట్టింది ఆవిడొక్కదానికే.

“పాముల తీర్మానం మీద ఇంకెవరైనా మాట్లాడతారా?” అన్నాడు డెల్బర్ట్. ఎవరూ కదల్లేదు. “లేకపోతే ఓటుకి పెట్టేద్దాం.”

సుత్తి పైకి లేచింది. వాండా కోటు లోపల మార్గరెట్ గడ్డం ఆవిడ పక్కటెముక మీద ఆనింది, ఇంట్లో బొటనవేలి మీద ఆనించినట్టే. వాండా చెయ్యెత్తింది.

“మాట్లాడాలంటే లేచి నిలబడాలి వాండా. పద్ధతి.”

“లేవలేను డెల్బర్ట్. ట్రూడీ నామీద పడుకుంది.”

జనం నవ్వారు. “లేపు మరి,” అన్నాడు డెల్బర్ట్.

“లేపితే ఉలిక్కిపడుతుంది. ట్రూడీ పడుకున్నది మార్గరెట్ మీద.”

ఎవరికీ అర్థం కాలేదు. నోరీన్ మంచాల వైపు చూసింది. వాండా జిప్పు నెమ్మదిగా కిందికి లాగి, గలీబు ముడి విప్పింది. కాలరు దగ్గర వేలెడు గోధుమరంగు తల పైకొచ్చి, ఒకసారి నాలుక ఆడించి, హాలంతా చూసింది.

బెంచీలు కిర్రుమన్నాయి. వాండా చుట్టూ ఒక గది పట్టేంత చోటు ఖాళీ అయింది. గొట్టాన్ని బాదిన కుర్రాడు స్ట్రెచర్ వెనక్కి వెళ్ళాడు.

“ఇదే మార్గరెట్,” అంది వాండా. “మీరంతా ఎరుగుదురు. దీనికోసం ప్రార్థనలు చేశారు. తినడం లేదంటే తినడం లేదు, చర్మం ఊడిందంటే ఊడింది. నేను చెప్పినదంతా నిజమే, చెప్పని మాట ఒకటుంది, అంతే. ఇన్నేళ్ళలో ఇది ఒక్కరోజు గడప దాటలేదు. నీ కుక్క నన్ను రెండుసార్లు కరిచింది డెల్బర్ట్. ఊళ్ళో కుక్కలుండకూడదని నేను అర్జీ పెట్టలేదు. తాళం వెయ్యమంటారా, వేస్తాను. ఏడాదికోసారి వచ్చి చూసుకుంటామంటారా, రండి, కాఫీ ఇస్తాను. వదిలించుకోమంటే మాత్రం ఎక్కడికని వదిలేది? దానికి నేనొక్కదాన్నే తెలుసు.”

డాల్టన్ చెప్పమన్నవి ఇంకా ఏవో ఉన్నాయి గానీ ఆవిడకి గుర్తురాలేదు. అప్పటికే ట్రూడీ కదిలింది.

ట్రూడీ లేచి కూర్చుని, జారిపోయిన కళ్ళజోడు సరిచేసుకుంది. జానెడు దూరంలో మార్గరెట్ తల ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“ఇదా మార్గరెట్?” అంది ట్రూడీ.

“ఇదే.”

“ఎంతసేపు పడుకున్నాను?”

“డెల్బర్ట్ బడ్జెట్ అంతా.”

కేక పెడుతుందనుకున్నాం. పెట్టలేదు. చేతిసంచి తీసుకుని, లేచి, హాలు ఆ చివరకి వెళ్ళి, అటు తిరిగి కూర్చుంది. డెల్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. “అర్జీ నీది ట్రూడీ. ఏమంటావు?”

“నాకు తెలీలేదు,” అంది ట్రూడీ గోడకేసి చూస్తూ.

దాన్ని తీర్మానానికి అనుకూలంగా రాసుకోవాలో వ్యతిరేకంగా రాసుకోవాలో డెల్బర్ట్‌కి పాలుపోలేదు. విషయాన్ని వచ్చే నెలకి వాయిదా వేసి సుత్తితో కొట్టాడు.

బుధవారం కరెంటొచ్చింది. గురువారం వాండా దుకాణం తెరిస్తే ఎవరూ రాలేదు. శుక్రవారం ఇద్దరు ఫోన్ చేసి జలుబన్నారు. వాండా కత్తెరలన్నీ కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది. మార్గరెట్ ఉంటే ఉంటుందేమో గానీ, కుర్చీలు ఖాళీగా ఉంటే తను బతకడం ఎలా అనుకుంది. ఆ గురువారమే మార్గరెట్ శుభ్రంగా ఒక ఎలుకని తినేసింది. ఆ సంగతి చెప్పుకోవడానికి కూడా దుకాణంలో మనిషి లేదు.

శనివారం నోరీన్ వచ్చింది. జుట్టు కోసం కాదు, ఏం జరుగుతుందో చూద్దామని. వచ్చాక కూర్చోక తప్పలేదు. ఆ వెనకే, ఎప్పుడూ వచ్చే వేళకే, ట్రూడీ కారు ఆగింది. చేతిలో సీసా లేదు. పలకరింపు లేదు. వచ్చి తన కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చింది.

వాండా తలంటింది. రోలర్లు చుట్టింది. ఒకటి కింద పడేసింది. ట్రూడీ అద్దంలోంచి అంతా చూస్తోంది. క్లిప్పుకి వేలాడుతున్న అర్జీ మీద చూపు పడితే చెయ్యి చాపి లాగేసుకుని, మడిచి సంచిలో కుక్కుకుంది.

“ఇక్కడుంటే వెంట్రుకలు పడుతున్నాయి. అదీగాక తిరగ రాయాలి. తాళాలూ అవీ ఏవీ లేవు ఇందులో.”

వాండా డ్రయ్యర్ ట్రూడీ నెత్తిమీదికి దించి మీట నొక్కింది. అది హోరుమంది. ట్రూడీ పక్కకి వంగి నోరీన్‌తో గుసగుసగా అరిచింది.

“నాకు బాధ పాము గురించి కాదే. నా సూప్ గురించి. ఇన్నేళ్ళు పొద్దున్నే లేచి కాచాను. పాములు సూప్ తాగవు కదా?”

“తాగవనుకుంటా,” అని అరిచింది నోరీన్.

“మరి పారబోసేదంటావా?”

వాండా వచ్చి డ్రయ్యర్ పైకెత్తింది. “నేనే తాగాను ట్రూడీ.”

“అంతా?”

“చుక్క మిగల్చకుండా. శనివారం పూట నేను వంట చేసుకుని ఎన్నేళ్ళయిందో.”

ట్రూడీ ఆ మొహంలోకి అనుమానంగా చూసింది.

“ఉప్పు ఎలా ఉండేది?”

వాండా ఇక ఏదీ దాచదలుచుకోలేదు.

“తక్కువయ్యేది.”

“రోగిష్టి మనిషికని తగ్గించేదాన్ని.”

“తెలుసు.”

“చెప్పి చావచ్చు కదే,” అంది ట్రూడీ. “ఈసారి నుంచి సరిపడా వేస్తాను.” అని డ్రయ్యర్ తనే నెత్తిమీదికి లాక్కుంది.